ఒరిజినల్ తెర

నా రబ్బరు స్టాంపు మీద "ఒరిజినల్‌తో సరిచూడబడినది" అని ఉంటుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో దాన్ని ఎన్ని కాగితాల మీద వేశానో లెక్క లేదు గానీ, ఒక్క మాట ముందే ఒప్పేసుకుంటాను. ఒరిజినల్‌ని నేనెప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ కనిపించలేదు. చూశానని స్టాంపు చెబుతూనే ఉంది కదా, మళ్లీ నేను చూడటమంటే స్టాంపుని అనుమానించడమే అవుతుంది.

ఇంత నమ్మకస్తుణ్ణి కాబట్టే, రాష్ట్ర గణన వేగ క్రీడా ధ్రువీకరణ మండలి అని కొత్తగా ఒకటి వెలిసినప్పుడు నన్ను ఏరి దాని నరసరావుపేట శాఖలో వేశారు. గణన వేగ క్రీడ అంటే మరేం లేదు. కంప్యూటర్‌లో ప్రాసెసర్ అని ఒక చిప్పు ఉంటుంది. తయారు చేసినవాళ్లు ఇంత వేగంతోనే పోవాలని దానికి ఒక హద్దు పెడతారు. ఆ హద్దు దాటించి దాన్ని పరిగెత్తించడమే ఆట. అలా పరిగెత్తిస్తే అది పెనంలా కాలిపోతుంది. అందుకని దాని నెత్తిన రాగి గిన్నె ఒకటి బిగించి, అందులో విపరీతమైన చల్లటి పదార్థం ఏదో పోస్తూ ఉండాలి. ఎవరి చిప్పు ఎక్కువ మెగాహెర్ట్జ్‌కి ఎగబాకితే వాళ్లు గెలిచినట్టు. ఆ ఏడు ఊరూరా ఇదే పిచ్చి. కాలేజీల్లో దీనికి క్లబ్బులు పెట్టారు, పెళ్లి పత్రికల్లో వరుడి పేరు కింద మెగాహెర్ట్జ్ వేశారు.

మొదటి ఏడాది మా మండలి ఎవరేం పంపినా నమ్మింది. ఒక మహానుభావుడు లక్ష మెగాహెర్ట్జ్ చూపించే తెర బొమ్మ పంపిస్తే సభ పెట్టి శాలువా కప్పాం. ఆ బొమ్మలో మూలన ఫిబ్రవరి ముప్పై అని తేదీ ఉన్న సంగతి సన్మానపత్రం అచ్చయ్యాక ఎవరో చూశారు. ఆ శాలువా వెనక్కి రాబట్టడానికి ఏడు నెలలు పట్టింది. అప్పటినుంచి మండలికి అనుమానం పట్టుకుంది. అనుమానానికి తగ్గ అధికారి కూడా దొరికారు. ఆయనే సర్వోత్తమరావు గారు, మా జిల్లా ధ్రువీకరణాధికారి.

సర్వోత్తమరావు గారు వచ్చిన నెలలోనే అరవై నాలుగు పేజీల నియమావళి రాశారు. అందులో "రుజువు" అనే మాట మూడు వందల పదకొండు చోట్ల ఉంది. "వేగం" అనే మాట రెండే చోట్ల ఉంది, అందులో ఒకటి అట్ట మీద.

"చూడవయ్యా పరాంకుశం, స్కోరు అనేది వస్తుంది, పోతుంది. రుజువు శాశ్వతం. రుజువు బలంగా ఉన్న పక్షంలో స్కోరు ఎంతున్నప్పటికీ మండలికి అభ్యంతరం ఉండదు" అన్నారు నాతో. పరాంకుశం నేనే. ఆ మాటలకి నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

ఏప్రిల్ మొదటి వారంలో మోపెడ్ మీద బత్తుల సైదారాణి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దారిలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఆమెది. సున్నపు దుమ్ముకి మోపెడ్ అసలు రంగేదో తెలియడం లేదు.

"రికార్డు కొట్టానండి. కాయితం ఇయ్యండి" అంది, రేషన్ కార్డు అడిగినంత తేలిగ్గా.

"ఎంత?"

"ఏడు వేల రెండొందల ఎనిమిది. ఇదివరకు రాష్ట్రంలో ఆరు వేల తొమ్మిదొందలు దాటినోళ్లు లేరండి."

పిడుగురాళ్ల ఎండల్లో మనుషులే మొరాయిస్తారు, అక్కడ చిప్పు పరిగెత్తించడమేమిటని నాకు ఆశ్చర్యం వేసింది. దేంతో చల్లబరిచావని అడిగాను. ఆమె మొగుడు యలమంద గోపాలమిత్ర. అంటే ఊళ్లమ్మట తిరిగి ఆవులకీ గేదెలకీ చూడి ఇంజక్షన్లు చేసే మనిషి. జాతి ఎద్దుల వీర్యం పాడవకుండా ద్రవ నత్రజని నింపిన డబ్బాలో పెట్టుకుని తిరుగుతాడు. ద్రవ నత్రజని సున్నాకి దాదాపు రెండు వందల డిగ్రీల కిందికి చల్లగా ఉంటుందట. గేదెలకి పోగా మిగిలిన చలిని భార్య ప్రాసెసర్ మీద పోస్తున్నాడన్నమాట.

"నెలాఖరు సాయంత్రం ఐదింటికల్లా ఆ కాయితం పుణె వెళ్లాలండి. జాతీయ పోటీ. రాష్ట్ర రికార్డు కాయితం లేకపోతే గడప తొక్కనీరంట" అంది సైదారాణి. తర్వాత గొంతు తగ్గించింది. "అదొక్కటే కాదులే సార్. మా కొట్టుకొచ్చినోళ్లు నన్ను చూసి, మీ ఆయన లేడామ్మా అంటారండి. ఆయనకి కంప్యూటరు ఆన్ చెయ్యటం కూడా రాదు. అయినా ఆయనొచ్చిందాకా కూర్చుంటారు. నేను బాగుచేసిందాన్నే ఆయన చేత్తో ఇస్తే గానీ నమ్మరు. నా పేరున ఒక కాయితం గోడకి తగిలిద్దామని."

అలాంటి కారణాలు రాసే గడి దరఖాస్తులో లేదు కాబట్టి నేను రాసుకోలేదు.

సర్వోత్తమరావు గారు ఆమె ఇచ్చిన తెర బొమ్మని వెలుతురుకి ఎత్తి చూశారు, వెనక్కి తిప్పి చూశారు.

"ఇది నకలు. ఒరిజినల్ ఎక్కడ?"

"తెర మీద వచ్చిందండి. దాన్నే కంప్యూటర్లోనే బొమ్మ తీసి ప్రింటు కొట్టాను."

"అంటే ఒరిజినల్ తెర మీద ఉన్నది. సదరు తెరను సమర్పించండి."

"తెరనా?"

"డిగ్రీ సర్టిఫికెట్‌కి నకలు ఇచ్చినప్పుడు ఒరిజినల్ చూపించరా? ఇదీ అంతే."

మర్నాడు మొగుడూ పెళ్లాలిద్దరూ మోపెడ్ మీద వచ్చారు. వెనక కూర్చున్న యలమంద ఒళ్లో దుప్పటి చుట్టిన మానిటరు. ముప్పై కిలోమీటర్లు దాన్ని పసిబిడ్డలా పట్టుకుని వచ్చాడు పాపం. సర్వోత్తమరావు గారు కళ్లజోడు మార్చుకుని తెరని పైనుంచి కింది దాకా పరిశీలించారు.

"ఖాళీగా ఉంది" అన్నారు.

"కరెంటు పెట్టలేదు గదండీ" అంది సైదారాణి.

కరెంటు పెట్టాం. తెర మీద "సిగ్నల్ లేదు" అని తేలింది. సర్వోత్తమరావు గారి మొహం వికసించింది. అక్కడికక్కడే నాతో ఫైల్లో రాయించారు: "దరఖాస్తుదారు దాఖలు చేసిన నకలు యందు 7208 అని యున్నది. ఒరిజినల్ యందు 'సిగ్నల్ లేదు' అని యున్నది. నకలు ఒరిజినల్‌తో సరిపోలనందున తిరస్కరించడమైనది."

నిజం చెప్పొద్దూ, ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు ఎంతో గర్వంగా అనిపించింది. దానిలో తప్పు పట్టడానికి వేలు పెట్టే సందు లేదు.

యలమంద మాత్రం దుప్పటి చేతిలోకి తీసుకుని అడిగాడు. "ఏందండీ ఇది? గేదె పాలిచ్చాక కుండ చూపిస్తే, గేదెని తెచ్చి పొదుగులో పాలున్నాయో లేవో చూపించమన్నట్టుంది."

"గేదెలు మండలి పరిధిలోకి రావు" అన్నారు సర్వోత్తమరావు గారు.

సైదారాణి బతిమాలింది. పన్నెండో నియమం ప్రకారం ఇంకో దారి ఉందని తేలింది. గెజిటెడ్ అధికారి ఎదుట యంత్రాన్ని మళ్లీ పరిగెత్తించాలి. మండలి వారి "నిజనేత్రం" అనే ప్రోగ్రాం ఆ యంత్రంలో ఎక్కించాలి. చిప్పుకి చెరగని గుర్తింపు ఉండాలి.

"మళ్లీనా?" ఆమె మొహం వాడిపోయింది. "ఇట్టాంటి చిప్పు వెయ్యింటికి ఒకటి వచ్చుద్దండి. తోలినప్పుడల్లా దాని ఆయుష్షు తగ్గుద్ది. ఇంకో రెండుసార్లు తోల్తే గొప్ప."

"ఒక్కసారి చాలును" అన్నారు సర్వోత్తమరావు గారు ఉదారంగా.

పిడుగురాళ్లలో గెజిటెడ్ అధికారులందరికీ ఆ వారం తీరిక లేదు, ఒక్క పశువుల డాక్టరు ఇమ్మానుయేలు గారికి తప్ప. ఆయనకీ తీరిక లేదు గానీ, నత్రజని ఎటూ వాళ్ల ఆస్పత్రిదే కాబట్టి ఒప్పుకున్నారు. మండలి తరఫున నిజనేత్రం పట్టుకుని నేను వెళ్లాను.

పశువుల ఆస్పత్రి వరండాలో ఒక పక్క గేదెని బోనులో నిలబెట్టి ఉంచారు. ఇంకో పక్క బల్ల మీద సైదారాణి కంప్యూటరు డొక్క విప్పి ఉంది. యలమంద డబ్బా వంచాడు. రాగి గిన్నెలోంచి తెల్లటి పొగ లేచింది. గేదె బెదిరి తల విదిల్చింది.

"డాక్టరుగారూ, చిప్పుకి చెరగని గుర్తింపు కావాలి" అన్నాను నియమావళి తెరిచి.

"దాని మీద నంబరు ఉంది గదయ్యా."

"అది కంపెనీ వేసుకున్నది. ప్రభుత్వం వేసిన నంబరు కావాలండి."

 ఇమ్మానుయేలు గారు లోపలికి వెళ్లి, పశువుల చెవులకి కొట్టే పసుపుపచ్చ బిళ్ల ఒకటి తెచ్చి రాగి గిన్నెకి తీగతో కట్టేశారు. పన్నెండు అంకెలు, ప్రభుత్వమే వేసినవి. ఆయన దగ్గరున్న అచ్చు ఫారం కూడా పశువులదే. దాన్నే పూర్తి చేశారు. జాతి: సిలికాన్. రంగు: ఆకుపచ్చ. ఈతల సంఖ్య: వర్తించదు. సాధారణ ఆరోగ్యం: చలిలో హుషారుగా ఉన్నది.

నేను నిజనేత్రం ఎక్కించాను. సైదారాణి పరుగు మొదలుపెట్టింది. మొదలుపెట్టగానే తెర మీద గడి ఒకటి లేచి, "తమరు మానవులేనా?" అని అడిగింది. అవునంది. ఫోన్‌కి ఆరంకెల నంబరు పంపించి అది కొట్టమంది. కొట్టింది. సెకనుకోసారి ఆమె ఫొటో తీసింది. తీసిన ప్రతి ఫొటోకీ ఇంకో ఫొటో సాక్ష్యంగా తీసింది. తీసినవన్నీ లెక్కపెట్టుకుంది, లెక్క సరిపోయిందో లేదో మళ్లీ లెక్కపెట్టింది. చిప్పు బలమంతా తన రుజువు మోయడానికే సరిపోయింది. అంకె పడుతూ లేస్తూ ఎనిమిది వందల పన్నెండు దగ్గర ఆగింది.

"ఇది మా కొట్టులో బిల్లులు రాసే డొక్కు కంప్యూటరు కంటే తక్కువండి" అంది సైదారాణి. ఏడవలేదు. వంగి గిన్నె విప్పడం మొదలుపెట్టింది. ఒకసారి వాడేశాం. ఇంకొక్కసారే మిగిలింది.

ఆఫీసులో సర్వోత్తమరావు గారు ఆ కాగితాలు చూసి మురిసిపోయారు. "అద్భుతం! నూటికి నూరు పాళ్లు రుజువున్న స్కోరు మన జిల్లాలో ఇదే మొదటిది. చూశావా, నిజం బయటపడేసరికి ఏడు వేలు కాస్తా ఎనిమిది వందలైంది."

"దీనికి రికార్డు కాయితం ఇస్తారాండీ?" అంది సైదారాణి.

"ఎనిమిది వందలకి రికార్డు ఎలా వస్తుందమ్మా? అదీగాక నీ చలికి రుజువు లేదు. మండలి గుర్తింపు పొందిన థర్మామీటరు సున్నా దాకానే కొలుస్తుంది. అంతకంటే కింద చలి ఉన్నట్టు మండలి దృష్టికి ఇంతవరకు రాలేదు."

ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. యలమంద పక్కన నిలబడి, "పోదాం పద, వీళ్లకి చెప్పేకంటే దున్నపోతుకి చెప్పటం నయం. అదైనా తల ఊపుద్ది" అంటున్నాడు. ఆమె లేవలేదు. చేతిలో ఆ పసుపుపచ్చ బిళ్లని తిప్పుతూ కూర్చుంది.

నాకు ఆ రోజు టీ సయించలేదు. ఎందుకో తెలియదు. నియమం ప్రకారం అన్నీ సవ్యంగానే జరిగాయి మరి. ఆ ఆఫీసులో నియమావళి అరవై నాలుగు పేజీలూ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే, రాసినాయన్ని కూడా లెక్కేసుకున్నా సరే. నలభై ఒకటో నియమం ఉన్న పేజీ తెరిచి, ఆ పుస్తకాన్ని బెంచీ మీద ఆమె పక్కన పెట్టి, టీ కొట్టుకి వెళ్లిపోయాను. నేనేం సాయం చెయ్యలేదు. పుస్తకం మర్చిపోయాను, అంతే.

నలభై ఒకటో నియమం ఇది: "ధ్రువీకరణాధికారి స్వయముగా హాజరైన స్థలమందు నిజనేత్రము గాని, థర్మామీటరు గాని అవసరము లేదు."

అయితే ధ్రువీకరణాధికారిని కుర్చీలోంచి కదిలించడం ఎలా? సైదారాణి వెళ్లి ఆ నియమం చెబితే, మార్గం డాక్టరు ఇమ్మానుయేలు గారికి తట్టింది. నెలాఖరున పిడుగురాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు. ఎడ్ల ఆరోగ్యం చూసేది ఆయనే కాబట్టి కమిటీలో ఆయన మాటకి విలువుంది. సర్వోత్తమరావు గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆహ్వానపత్రంలో ఆయన పేరు ఎడ్ల పేర్ల కంటే పెద్ద అక్షరాల్లో వేశారు. ఆయన ఒక్క అభ్యంతరమూ చెప్పలేదు.

ఏప్రిల్ ముప్పై ఉదయం. ఆ సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది. మైదానం చుట్టూ మూడు వేలమంది జనం. వేదిక మీద సర్వోత్తమరావు గారు, మెడలో గడ్డం దాకా బంతిపూల దండ. ఆయన పక్కన స్టాంపు, దాని డబ్బా పట్టుకుని నేను.

ఒక జత బండని లాగింది. గంట కొట్టారు. టేపు పట్టుకున్న పెద్దాయన ముగ్గు గీత దగ్గర వంగి చూసి ఒక అంకె అరిచాడు. మైకు పట్టుకున్నతను "రెండు వేల నాలుగొందల ఇరవై అడుగులూ!" అని అందుకున్నాడు. జనం ఈలలు వేశారు. అంతే, అయిపోయింది, ఇంకో జత వచ్చింది.

సర్వోత్తమరావు గారు చలించిపోయారు. "ఆ టేపుకి ధ్రువపత్రం ఉన్నదా?" అని మైకతన్ని అడిగారు.

"మూడు వేలమంది చూస్తన్నారు గదండీ!"

"ఈ మూడు వేలమందీ అఫిడవిట్లు సమర్పించారా?"

మైకతను దీన్ని హాస్యమనుకుని జనానికి వినిపించాడు. జనం విరగబడి నవ్వారు. సర్వోత్తమరావు గారు చెయ్యి ఊపారు.

జతకీ జతకీ మధ్య విరామంలో, షామియానా కింద సైదారాణి కంప్యూటరు పెట్టారు. ట్రాక్టరు మీదున్న జనరేటరు నుంచి దానికి కరెంటు. యలమంద డబ్బా వంచాడు. ఆ ఎండలో, ఆ దుమ్ములో, తెల్లటి పొగ నేల మీద పాకుతుంటే ముందు వరసలోవాళ్లు కాళ్లు పైకి లాక్కున్నారు. ఇదేమిటో మైకతనికి తెలియదు. తెర మీద అంకె పెరిగితే గెలిచినట్టని డాక్టరుగారు చెప్పారు. అది చాలు అతనికి.

"ఐదు వేలు దాటిందండీ! బత్తుల సైదారాణి గారి చిప్పు! ఆరు వేలు! అదిగో, ఆరు వేల తొమ్మిదొందలు, పాత రికార్డు గంగలో కలిసింది! తోలమ్మా తోలు!"

జనం లేచి నిలబడ్డారు. ఎద్దులవాళ్లు కూడా పగ్గాలు పట్టుకునే దగ్గరికి వచ్చారు. సైదారాణి చుట్టూ చూడటం లేదు. ఒక చెయ్యి మీటల మీద, ఒక చెయ్యి గాల్లో. ఆ చెయ్యి కొంచెం ఎత్తితే యలమంద ఇంకొంచెం పోస్తున్నాడు, దించితే ఆపుతున్నాడు. ఇద్దరికీ మాట అక్కర్లేదు. ఏడు వేల రెండొందలు. ఏడు వేల రెండొందల యాభై. నేను వేదిక మీంచి ఎప్పుడు దిగానో నాకు తెలియదు. చూస్తే తెర ముందున్నాను. నా గొంతే "ఇంకా, ఇంకా!" అని అరుస్తోంది.

7308.

ఆ అంకె దగ్గర తెర బిగుసుకుపోయింది. సైదారాణి మీట నొక్కింది. ఇంకో మీట నొక్కింది. తెర మూలన గడియారం పదకొండు నలభై రెండు దగ్గరే ఆగిపోయింది. ఏదీ కదలడం లేదు.

"పోయింది" అంది చిన్నగా. "చిప్పు పోయింది."

 ఇమ్మానుయేలు గారు దగ్గరికొచ్చి, అలవాటు కొద్దీ రాగి గిన్నె మీద స్టెతస్కోపు పెట్టబోయి, ఆపుకున్నారు. ఒక ఎద్దుల ఆసామి తలపాగా తీశాడు. నాకు ఏడుపొచ్చింది. వస్తే రానియ్యండి, దాచుకోవడం దేనికి?

సర్వోత్తమరావు గారు దండ సర్దుకుంటూ దిగి వచ్చారు. "ఫలితం?"

"ఏడు వేల మూడొందల ఎనిమిదండి. అందరూ చూశారు" అన్నాను.

"నువ్వు కేకలు వేశావు. కేకలు వేసినవాడు ఆసక్తి గల సాక్షి. చెల్లవు. జనం అఫిడవిట్లు లేవు, చెల్లరు. నేను హాజరయ్యాను గానీ ఆ సమయంలో కొబ్బరిబోండాం తాగుతున్నాను. నకలు ఏది?"

"బొమ్మ తీసే లోపే చిప్పు పోయిందండి" అంది సైదారాణి.

"అంటే ఒరిజినల్ ఉన్నది, నకలు లేదు."

అప్పుడు నాకు తట్టింది. చిప్పు చచ్చిపోయింది గానీ తెర చావలేదు. చివరి అంకె దాని మీద అలాగే గడ్డకట్టి ఉంది. కరెంటు ఉన్నంతసేపు ఉంటుంది. మొదటి రోజునుంచి మండలి అడుగుతున్న ఒరిజినల్ తెర ఇదే, ఎదురుగా నిలబడి ఉంది.

"అయ్యా, ఫోన్‌తో ఫొటో తీసి నకలు మనమే చేసుకోవచ్చు. ఆఫీసుకి తీసుకెళ్లి ఒరిజినల్‌తో సరిచూస్తే నియమం పూర్తవుతుంది" అన్నాను.

 అందులో తప్పు పట్టడానికి ఆయనకీ సందు దొరకలేదు. ఆ వాదన ఆయనదే కదా.

తీగ ఊడితే తెర ఖాళీ అయిపోతుంది. అందుకని కంప్యూటరునీ మానిటరునీ బల్లతో సహా ఎత్తి, జనరేటరున్న ట్రాక్టరు మీదే పెట్టారు. రెండు వైపులా నలుగురు పట్టుకున్నారు. వెనక ఒక మోపెడ్, ఆ వెనక ఇరవై మోటారు సైకిళ్లు, మా జీపు. నరసరావుపేట చేరేసరికి మూడున్నర. దారిలో కనపడ్డవాళ్లు ఏం ఊరేగింపో తెలియక చెప్పులు విప్పి దండం పెట్టారు.

మా ఆఫీసు మేడ మీద. తీగ పొడవు చాలదు. చివరికి ట్రాక్టరుని కిటికీ కింద నిలబెట్టి, మానిటరుని తాళ్లతో కిటికీ ఎత్తుకి లేపారు. కింద జనరేటరు దగ్గుతోంది. కిటికీకి అవతల గాల్లో తెర. ఇవతల నా టేబుల్.

సర్వోత్తమరావు గారు ఆ ఫొటో అచ్చు వేసిన రికార్డు కాగితం ఎదురుగా పెట్టి, "సరిచూడవయ్యా" అన్నారు, రోజూ అన్నట్టే.

రోజూలాగే నా చెయ్యి స్టాంపు మీదికి వెళ్లింది. మధ్యలో ఆగింది. కిటికీలోంచి తల బయట పెట్టి చూశాను. ఏడు. కాగితంలోనూ ఏడు. మూడు. ఇక్కడా మూడు. సున్నా. సున్నా. ఎనిమిది. ఎనిమిది. గడియారం పదకొండు నలభై రెండు. కింద ట్రాక్టరు పక్కన సైదారాణి తల ఎత్తి నన్నే చూస్తోంది. ఆమె జుట్టు నిండా మైదానం దుమ్ము. స్టాంపు గట్టిగా నొక్కాను.

నా స్టాంపు కింద ఆయన సంతకం పెట్టాలి. ఆయన కలం మూత తీశారు. కింద జనరేటరు ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది, ఇంకోసారి పెట్టింది, ఆగిపోయింది. డీజిల్ అయిపోయింది. తెర నల్లబడింది.

సర్వోత్తమరావు గారు కిటికీలోంచి చూశారు. "ఖాళీగా ఉంది" అన్నారు. కలం కాగితానికి జానెడు ఎత్తులో నిలిచింది. గోడ గడియారం ఐదుకి పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నా వైపు తిరిగారు. "నువ్వు సరిచూశావా?"

"చూశానండి."

ఇరవై రెండేళ్లలో ఆ మాట వేలసార్లు అని ఉంటాను. నిజంగా చూసి అన్నది అదే మొదటిసారి. ఆయన కాగితం మీద నా స్టాంపుని చూశారు. స్టాంపు ఉంది. స్టాంపుని అనుమానించడమంటే మండలినే అనుమానించడం. సంతకం పెట్టారు.

ఐదుకి నాలుగు నిమిషాలుండగా ఆ కాగితాన్ని పుణెకి ఆన్‌లైన్‌లో పంపాను. ఒరిజినల్‌ని కిందికి పట్టుకెళ్లి సైదారాణి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చదవలేదు. తన పేరున్న చోట బొటనవేలితో ఒకసారి రుద్ది చూసి, పెద్దగా నవ్వేసింది. యలమంద ఖాళీ డబ్బా మీద దరువు వేశాడు.

పుణెలో కొత్త చిప్పుతో ఆమె నాలుగో స్థానంలో వచ్చింది. అక్కడ ఒక తెర బొమ్మ చూసి, పక్కన నిలబడి చూసినాయన తల ఊపితే సరిపోయిందట. ఆ సంగతి చెబితే సర్వోత్తమరావు గారు ఆ రాష్ట్రం ఏమైపోతుందో అని బాధపడ్డారు. పిడుగురాళ్ల కొట్టులో ఇప్పుడు గోడ మీద ఆమె కాగితం ఉంది, పక్కనే చచ్చిపోయిన చిప్పు, దాని పసుపుపచ్చ బిళ్లతో సహా. మీ ఆయన లేడామ్మా అనడం తగ్గిపోయిందట. ఈ మధ్య ఒకాయన మాత్రం కాగితాన్ని తేరిపార చూసి, "ఇది ఒరిజినలేనా?" అని అడిగాడట.

ఇక నా సంగతి. ఆ రోజునుంచి నాకో జబ్బు పట్టుకుంది. ఏ కాగితం వచ్చినా ఒరిజినల్ చూడకుండా స్టాంపు వెయ్యలేకపోతున్నాను. చూస్తే ఏముంది, సగం కాగితాలు సరిపోవడం లేదు. బల్ల మీద గుట్ట పేరుకుపోయింది. మొన్న సర్వోత్తమరావు గారు మెమో ఇచ్చారు: "ఒరిజినల్ పత్రాలను చూచుచు కాలయాపన చేయుచున్నందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో వివరించవలెను."

వివరణ రాశాను. నియమం ప్రకారం నకలు ఒకటి జత చేశాను. దాని మీద స్టాంపు వేసేముందు రెండూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూశాను. నకలులో ఒక పొల్లు రాలేదు. మళ్లీ తీయించాను.